ముందుగా నా వేలు

ఆ ఎండాకాలం మొదటి రెండు నెలలూ నా ఎడమచేతి వేళ్లకు సెలవు లేదు. వారానికి నాలుగు క్యాంపులు, క్యాంపుకొక వేలు. చూపుడు వేలితో మొదలుపెట్టి చిటికెన వేలి దాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు సబ్బు తగిలి ఏ వేలు మండితే, నిన్న ఆ వేలి వంతు అన్నమాట.

నేను సర్కారు క్లినిక్‌లో కౌన్సెలర్‌ని. హెచ్‌ఐవి, సుఖవ్యాధుల పరీక్షలు చేసే గది మాది. ఆసుపత్రి వెనక, మెట్ల కింద, ఒక మూలన ఉంటుంది. ఆ గదికి జనం తమంతట తాము రారు. వచ్చినవాళ్లు కూడా పంటి డాక్టరు ఎక్కడుంటారని అడుగుతూ వచ్చి, నాలుగు పక్కలా చూసి, చటుక్కున లోపలికి దూరతారు. అందుకని ఎండలు ముదరగానే వ్యాను వేసుకుని మేమే బయల్దేరతాం. ఇటుక బట్టీలు, లారీ యార్డులు, బట్టల ఫ్యాక్టరీ గేట్లు, పెద్ద పెద్ద మేడలు కడుతున్న చోట్లు, ఇవీ మా మజిలీలు. వానలు పడితే బట్టీలు ఆగిపోతాయి, కూలీలు చెదిరిపోతారు, మా క్యాంపులూ అయిపోతాయి.

క్యాంపులో మొదటి మనిషి దొరకడమే గగనం. ఒకరు కూర్చుంటే యాభై మంది కూర్చుంటారు, కానీ ఆ ఒకరెవరు? 'నువ్వు ముందు' అంటే 'నువ్వే ముందు' అని ఒకరినొకరు తోసుకుంటూ మధ్యాహ్నం చేస్తారు. పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక లారీ యార్డులో విసుగు పుట్టి నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. నా వేలు నేనే గుచ్చుకుని, చుక్క రక్తం కిట్‌లో వేసి, వేలెత్తి అందరికీ చూపించాను. చీమ కుట్టినంత కూడా లేదని, దీనికే భయపడితే ఇంత పెద్ద బళ్లు ఎలా నడుపుతున్నారని అడిగాను. నవ్వారు, లైను కట్టారు. అప్పటి నుంచి అదే నా పద్ధతి. ముందుగా నా వేలు, తర్వాతే ఎవరిదైనా.

అన్ని వందల సార్లు గుచ్చుకున్నాను గానీ, నా కిట్‌ను నేనెప్పుడూ చదవలేదు. ఫలితం తేలడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో జనం మీద పడతారు, పేర్లు వద్దు నంబర్లు చాలని ఒకరికి నచ్చజెప్పాలి, భర్తకు చెప్పనని ఇంకొకరికి ఒట్టేయాలి. నాది ప్రదర్శనకు వాడిన కిట్ కాబట్టి చెత్తడబ్బాలో వేసేసేదాన్ని. ఉద్యోగంలో చేరే ముందు ఒకసారి పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ఆ 'ఏమీ లేదు' మీదే పదకొండేళ్లు నిశ్చింతగా కూర్చున్నాను.

వ్యాను నడిపేది మా ఆయన. ఆరేళ్ల కిందటి వరకు దూరప్రాంతాలకు లారీ తోలేవాడు. నడుం నొప్పి వచ్చి అది మానేశాక, క్లినిక్ వ్యానుకు డ్రైవరు కావాలంటే చేరాడు. ఊళ్లో సగం మందికి పరీక్షలు చేయించిన వ్యానును నడుపుతూ తను మాత్రం ఒక్కసారీ చేయించుకోలేదు. అడిగితే ఇంటికొక వేలు చాలదా, రోజూ నువ్విస్తూనే ఉన్నావుగా అని ఎగతాళి చేసేవాడు. అసలు సంగతేమిటంటే ఆయనకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. పెళ్లైన కొత్తలో గడ్డం గీసుకుంటూ చెంప తెగి, అద్దం ముందు నుంచి నేల మీదకు చతికిలబడిపోయిన మనిషి.

ఆ ఏడాది మాకొక కొత్త ల్యాబ్ టెక్నీషియన్ వచ్చింది. చదువు ముగించుకుని నేరుగా వచ్చిన అమ్మాయి. ఆమెకు 'గడియారం' అని పేరు పెట్టింది మా ఆయనే. ప్రతి కిట్ పక్కనా రక్తం వేసిన టైము రాసేది, పావుగంట అయ్యీ కాగానే ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చి చదివేది. చెత్తడబ్బాలోకి పోవాల్సిన నా కిట్‌ను కూడా మిగతావాటి వరసలో పెట్టబోయేది. అది ఉత్త షోకేనమ్మా అని నేను నవ్వి, తీసి పారేస్తుంటే, చదవకుండా ఏ కిట్‌నూ పడేయకూడదని కాలేజీలో నేర్పారని చెప్పింది. కొత్త చీపురు కదా, నాలుగు రోజులు పోతే తనే మానుకుంటుందనుకున్నాను.

నెల తిరిగినా మానుకోలేదు. ఒక ఇటుక బట్టీ దగ్గర, పొద్దున్న పదకొండు గంటల వేళ, వ్యాను తలుపు దగ్గర నిలబడి, "అక్కా, ఒకసారి లోపలికి వస్తారా" అని పిలిచింది. ఎవరికైనా రెండు గీతలు వస్తే, అంటే వైరస్ ఉన్నట్టు చూపిస్తే, అలాగే పిలుస్తుంది. ఎవరికి వచ్చిందో, ఆ మనిషి గుండె దిటవు ఎలాంటిదో, మాట ఎక్కడ మొదలుపెట్టాలో అని మనసులోనే సిద్ధం చేసుకుంటూ ఎక్కాను.

బల్ల మీద కిట్‌లు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా ముందున్న దానికి నంబరు లేదు. ఆ పూట హడావుడిలో పారేయడం మరిచిన నా కిట్ అది. దాంట్లో రెండు గీతలున్నాయి.

కిట్‌ల పెట్టె ఎండలో ఉండిపోయిందేమో అన్నాను. పెట్టె నీడలోనే ఉందని, మిగతా ఇరవై రెండింటిలోనూ ఒకటే గీత వచ్చిందని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. ఒక్క కిట్‌తో ఏదీ తేలదు, వేరే రకం కిట్‌లతో ఇంకో రెండుసార్లు చూడాలి. అది నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బయట ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. దిగి వెళ్లి వాళ్ల పని పూర్తి చేశాను. ఎలా చేశానంటే చెప్పలేను. పదకొండేళ్ల అలవాటు మీద నోరు దాని పని అది చేసుకుపోయింది.

మర్నాడు క్లినిక్‌లో నా చేతి నుంచి రక్తం తీశారు. గొట్టం మీద నా పేరు ఉండదు, నంబరే. సాయంత్రానికి డాక్టరమ్మ పిలిచింది. నాకన్నా ఐదారేళ్లు చిన్నది. మా గదిలో నేను కూర్చునే కుర్చీలో ఆమె కూర్చుంది, ఎదుటి కుర్చీ నాకు చూపించింది.

"మూడు పరీక్షల్లోనూ అదే వచ్చిందండీ. కానీ ఇప్పుడు మంచి మందులున్నాయి. రోజుకు ఒక్క మాత్ర..."

"జీవితాంతం," అన్నాను.

"క్రమం తప్పకుండా వేసుకుంటే..."

"వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అప్పుడు కాపురం వల్ల భర్తకు అంటదు. మిగతావాళ్లలాగే ముసలితనం దాకా బతకొచ్చు."

"మీకు నేను చెప్పేదేముంది లెండి," అని ఆమె ఆగిపోయింది.

అప్పుడు అర్థమైంది, నాకు చెప్పాల్సింది చాలా ఉందని. ఆ మాటలు నాతో ఇంకొకరు అనాలని, అవి కొత్తగా వింటున్నట్టు వినాలని ఎంత కోరికగా ఉందో. పాఠం నాకు నేనే అప్పజెప్పుకుని ఆ అవకాశం పోగొట్టుకున్నాను.

ఆమె ఇంకొక్కటే అడిగింది. పనిలో ఎప్పుడైనా సూది గుచ్చుకుందా అని. లేదన్నాను. ప్రమాదాల పుస్తకం తీసి చూసింది. అందులో నా పేరు మీద పదకొండేళ్లుగా ఏమీ లేదు.

లేదన్నానే గానీ, ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఎడమచేతి బొటనవేలు గుర్తుకొచ్చింది. కిందటి ఎండాకాలం ఒక ఆవిడ వేలు గుచ్చి సూది వెనక్కి తీస్తుంటే, ఆమె ఒళ్లోని పసివాడు నా చేతి మీద తన్నాడు. సూది నా చేతితొడుగులోంచి బొటనవేలికి దిగింది. పావుగంటకు ఆమె కిట్‌లో రెండు గీతలు తేలాయి. అలా జరిగితే డెబ్బై రెండు గంటల లోపల మాత్రలు మొదలుపెట్టి ఇరవై ఎనిమిది రోజులు వేసుకోవాలి, అప్పుడు అంటకుండా ఆపవచ్చు. క్లినిక్‌లో నర్సులకు, ఆయాలకు ఏడాదికి రెండుసార్లు ఆ పాఠం చెప్పేది నేనే. ఆ రోజు బయట అరవై మంది ఉన్నారు. మళ్లీ క్యాంపు పెట్టుకోవడానికి బట్టీ యజమాని ఒప్పుకునే రకం కాదు. నాకేమో ఒక్క ప్రమాదమూ లేని పేరు. స్పిరిట్‌తో తుడుచుకుని, తొడుగు మార్చుకుని, "తర్వాత ఎవరమ్మా" అన్నాను. మూడు రోజులు రేపు రేపనుకున్నాను. నాలుగో రోజు నుంచి మరిచిపోయాను.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పవచ్చు. కానీ చెబితే ఇది నా చేతులారా చేసుకున్నదవుతుంది. చెప్పకపోతే చేతికి దగ్గరలో ఇంకో కారణం ఉంది. పదేళ్లకు పైగా లారీ తోలిన మొగుడు, ఎన్నిసార్లు అడిగినా పరీక్షకు వేలివ్వని మొగుడు. బొటనవేలిని పక్కకు నెట్టేశాను.

ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లే ముందు వ్యానులో ఆయనకు చెప్పాను. రెండు గీతలు వచ్చాయన్నాను. ఎవరికని అడిగాడు. నాకన్నాను. తాళంచెవి పెట్టబోతున్నవాడు ఆగిపోయి, దాన్ని పిడికిట్లో పట్టుకుని కాసేపు ముందు అద్దంలోంచి గోడ వైపు చూశాడు.

"మాత్రలిచ్చారా?"

"ఇచ్చారు."

"ఏ టైముకి వేసుకోవాలి?"

"ఏదైనా సరే. రోజూ అదే టైముకి."

"అయితే పొద్దున్న టీ టైము పెట్టుకుందాం. నేను గుర్తుచేస్తాలే," అన్నాడు. మీరూ పరీక్ష చేయించుకోవాలి కదా అంటే, ఊఁ అన్నాడు. అంతే. అయ్యో అనలేదు, ఎలా వచ్చిందని అనలేదు, తల పట్టుకోలేదు. తప్పు చేసినవాడు కాబట్టే కిక్కురుమనలేదని నేను తేల్చేసుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇంట్లో గాలి కూడా అడిగి వీచినట్టుండేది. ఉక్కగా ఉందన్న సాకుతో నేను ముందు గదిలో అత్తయ్య పక్కన పక్క వేసుకున్నాను. అత్తయ్యకు విషయం తెలియదు గానీ కళ్లు మాత్రం పదును. "ఎండలు నీ ఒక్కదానికేనా, వాడికి లేవా?" అంది మొదటి వారం. రెండో వారానికి, మీరిద్దరూ మాటలు కొలిచి ఇచ్చిపుచ్చుకుంటున్నారేమిటని అడిగింది. పొద్దున్నే టీ గ్లాసు పక్కన మాత్ర పెట్టి "టైమైంది" అనేవాడాయన. మింగి, గ్లాసు కింద పెట్టి, మొహం తిప్పుకునేదాన్ని.

పరీక్ష మాట ఎత్తితే ఇవాళ కాదు రేపు, రేపు కాదు క్యాంపులు అయ్యాక అంటూ దాటవేసేవాడు. పదిహేనేళ్లుగా నాకు తెలిసిన భయాన్ని ఆ మూడు వారాలు నేరంగా చదివాను. ఉతకడానికి వేసిన చొక్కాల జేబులు వెతికాను. డీజిల్ చీటీలు, విరిగిన దువ్వెన, తలనొప్పి మాత్రలు దొరికాయి. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి ఎవరెవరితో మాట్లాడాడో చూశాను. లారీ రోజుల్లో ఏ దారిలో వెళ్తే ఎన్ని రోజులకు వచ్చేవాడో, ఎక్కడ ఆగేవాడో కూర్చుని లెక్క కట్టాను. ఆయన మీద కోపంగా ఉంటే నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజమే. ఆ కోపం ఉన్నంతసేపు బొటనవేలు గుర్తుకొచ్చేది కాదు.

క్యాంపులు మాత్రం ఆగలేదు. మొదటి వేలు ఇకమీదట తను ఇస్తానని గడియారం నన్నడగకుండానే కుర్చీలో కూర్చునేది. నేర్చుకోవాలి కదక్కా అనేది. ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు, నాతో కూడా. ఆ పిల్లను కొత్త చీపురు అనుకున్నందుకు చెంపలేసుకున్నాను.

ఆ ఏటి ఆఖరి క్యాంపు ఒక లారీ యార్డులో. మూడింటికి ఆకాశం నల్లబడింది. పది మందికి కూడా చేయలేదు, ఇంతలో పెద్దపెద్ద చినుకులు మొదలై కుండపోతగా కురిసింది. లైన్లో ఉన్నవాళ్లంతా షెడ్డుల్లోకి పరుగెత్తారు. బల్ల, కుర్చీలు, పెట్టెలు ముగ్గురం కలిసి లోపలికి లాక్కున్నాం. మా ఆయన తలుపు మూసి, తల తుడుచుకుని, పెట్టె మీద కూర్చున్నాడు. నా వైపు కాకుండా గడియారం వైపు తిరిగి, "ఖాళీగానే ఉన్నాం కదమ్మా. నాదీ చూసెయ్," అని చెయ్యి చాపాడు. మొహం అప్పటికే కిటికీ వైపు తిప్పేశాడు.

సొంతవాళ్లకు మేం కౌన్సెలింగ్ చేయకూడదన్నది నిబంధన. పరీక్షకు ముందు అడగాల్సిన ప్రశ్నలుంటాయి. ఎవరెవరితో సంబంధాలున్నాయి, కండోమ్ వాడారా, ఎప్పుడు వాడలేదు, అలాంటివి. వాటికి ఆయన చెప్పే జవాబుల కోసం మూడు వారాలుగా జేబులు వెతుకుతున్నాను. ఇప్పుడు ఒక పరదా అవతల నిలబడితే చాలు, అన్నీ వినిపిస్తాయి. గడియారం నన్ను చూసింది. బయటకు వెళ్లండని నోరు తెరిచి అనలేక అలాగే చూస్తూ ఉంది.

వానలోకి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ముందు డ్రైవరు సీట్లో కూర్చున్నాను. వెనక మాటలు సన్నగా వినబడుతున్నాయి. మీట నొక్కి వైపర్లు వేశాను. అవి కీచుమంటూ ఇటూ అటూ కొట్టుకుంటుంటే ఇంకేమీ వినబడలేదు. పావుగంట అంత పొడుగని నాకు తెలియదు. ఎన్ని వేల మందిని అలా కూర్చోబెట్టానో, ఎంత తేలిగ్గా 'ఒక్క పావుగంట ఆగండి' అన్నానో. ఆయనకు ఉండాలని కోరుకుంటున్నానో ఉండకూడదనో ఆ పావుగంటలో నాకు నిజంగా తెలియలేదు. ఉంటే ఆయన దోషి, నేను అమాయకురాలిని. లేకపోతే మిగిలేది నా బొటనవేలు.

పక్క తలుపు తెరుచుకుంది. వేలికి దూది నొక్కుకుని, మొహం పాలిపోయి ఎక్కి కూర్చున్నాడు. "ఒకటే గీత," అన్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలందట. నా వైరస్ తగ్గేదాకా తనకు అంటకుండా ముందుజాగ్రత్త మాత్రలు ఉంటాయట, రేపు క్లినిక్‌లో రాసిస్తారట, కండోమ్‌ల పెట్టె కూడా ఇచ్చిందట. నేను వెయ్యిసార్లు చెప్పిన సంగతులన్నీ వేళ్లు మడిచి లెక్కపెడుతూ నాకు చెప్పాడు. ఈసారి మధ్యలో అడ్డం రాలేదు, చివరిదాకా విన్నాను. ఏడుపొచ్చింది. సంతోషం ఉంది, కాదనను. కానీ ఆయనకు లేదంటే నాకెక్కడిది అని ఇప్పుడడగాల్సింది ఆయన.

అడగకముందే చెప్పేశాను. బట్టీ, పసివాడు, బొటనవేలు, డెబ్బై రెండు గంటలు, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం, అన్నీ. ఆయన చెయ్యి చాపి వైపర్లు ఆపాడు. అద్దం మీద నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు? వ్యాను నా చేతిలోనే ఉంది కదా. గంటలో పెద్దాసుపత్రిలో దింపేవాణ్ణి," అన్నాడు.

రేపు పొద్దున్నే డాక్టరమ్మకు చెప్పి పుస్తకంలో రాస్తానన్నాను. రాయి, అన్నాడు. ఇంకొకటి మిగిలింది. అది కూడా ఆ వానలోనే అయిపోవాలనిపించింది.

"ఇన్నాళ్లూ మీ వల్లే వచ్చిందనుకున్నాను."

"తెలుసు. జేబులు తిరగేసి మళ్లీ లోపలికి తోయడం మరిచిపోతున్నావు."

"మరి మీరు? బొటనవేలి సంగతి మీకు ఇప్పుడే కదా తెలిసింది. ఈ మూడు వారాలూ నా గురించి ఏమనుకున్నారు?"

ఆయన నన్ను ఓదార్చడానికి కాదు, నిజంగానే గుర్తుచేసుకుంటున్నట్టు ఆలోచించాడు.

"నాకు లేకపోతే నువ్వొక్కదానివే అయిపోతావనుకున్నాను. అందుకే రేపు రేపన్నాను. సూదంటే భయం కూడా ఉందనుకో," అన్నాడు. "నీ గురించి ఇంకేమీ అనుకోలేదు."

జరగమని చేత్తో సైగ చేసి, నేను పక్కకు జరిగాక స్టీరింగ్ ముందుకు వచ్చి బండి స్టార్ట్ చేశాడు. వెనక గడియారం పెట్టెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎలా వచ్చిందని ఇంట్లో మనిషిని నిలదీయకండి, ముందు మందు సంగతి చూడండి అని పదకొండేళ్లుగా చెబుతున్నాను. బట్టీల్లో చెప్పాను, యార్డుల్లో చెప్పాను, మెట్ల కింద గదిలో ఎంతమందికో చెప్పాను. ఆ మాటను చెవిన పెట్టినవాడు ఆరేళ్లుగా ముందు సీట్లో కూర్చుని, నా కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు.